సత్వర కుళాయి

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక గుడ్డముక్క దగ్గర మొదలైంది.

స్నానాలగదిలో కుళాయి కారుతోంది. దాని కింద ఒక గిన్నె ఉంది. చుక్క పడినప్పుడల్లా టప్పుమని చప్పుడు రాకుండా ఇల్లాలు ఒక పాత గుడ్డను మడతపెట్టి ఆ గిన్నెలో వేసి ఉంచింది. తెల్లారి చూస్తే గుడ్డ గిన్నెలో లేదు. భర్తగారి బూట్ల పక్కన నల్లగా ఉండచుట్టుకుని కనిపించింది.

"ఏమండీ, ఇది మీరు తీశారా?"

"బూట్లు తుడుచుకుందామంటే ఏదో గుడ్డ కనిపించింది, తీశాను. గుడ్డే కదా!"

"గుడ్డే. అది అక్కడ ఉండబట్టే ఇన్నాళ్లూ మీకు నిద్రపడుతోంది."

"అయితే ఇంకోటి వెయ్యి."

"వేస్తాను. మరి కుళాయి?"

"త్వరలో అవుతుందిలే," అన్నాడాయన టీ కప్పు అందుకుంటూ.

ఇల్లాలు ఇక పొడిగించలేదు. ఆ ఇంట్లో కాలాన్ని కొలిచే మాటల అసలు విలువలు ఆమెకు బాగా తెలుసు. ఆయన "ఇదిగో" అంటే పేపరు చదవడం అయ్యాక అని. "ఇప్పుడే" అంటే మధ్యాహ్నం లోపు. "వెంటనే" అంటే ఎవరైనా గుర్తుచేస్తే ఈ వారంలో. "త్వరలో" అంటే మాత్రం ఆ సంగతి ఇక ఎత్తవద్దని. పెళ్లయిన కొత్తలో ఈ మాటలన్నిటినీ ఆమె కాలేజీలో చదువుకున్న అర్థాలతోనే తీసుకుని చాలా అవస్థ పడింది.

ఇంకొకరి ఇల్లయితే ప్లంబరును పిలిచి పని కానిచ్చేవారు. కానీ ఆ వీధిలోని ఇళ్లన్నీ ఆఫీసువారి క్వార్టర్సు. గోడకు మేకు దిగాలన్నా ఆఫీసు మరమ్మతుల శాఖ మనిషే వచ్చి దించాలి. బయటివాళ్లు గొట్టాల మీద చెయ్యి వేయకూడదు. ఈయన ఉద్యోగం సరిగ్గా ఆ మరమ్మతుల శాఖలోనే, సెక్షన్ ఆఫీసరుగా. తన ఇంటి కుళాయికి తానే ఆర్డరు వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన భయం. అందుకని వీధిలో అందరి కుళాయిలూ బాగుపడ్డాయి, ఆఫీసరుగారిది తప్ప.

అదీగాక ఆయనిప్పుడు పెద్ద పనిలో మునిగి ఉన్నాడు. శాఖలో పనులు చకచకా జరగడానికి ఆయన "సత్వర పద్ధతి" అని ఒకటి కనిపెట్టాడు. అది పైవాళ్లకు నచ్చింది. అయితే ఆ మాట అందరూ వాడుతున్నారు కానీ అర్థం ఎవరికీ తెలియడం లేదని, బుధవారం సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి "సత్వరం: అర్థం, వాడుక" అన్న విషయం మీద ఉపన్యాసం ఇవ్వమని డైరెక్టరుగారు ఆయనకు పురమాయించారు. సత్వరం అనే మాటకు అర్థం రాయడానికి ఆయన అప్పటికి నెల దాటి కూర్చున్నాడు. నెమ్మదిగా ఒక రూపానికి వస్తోంది.

"విను," అన్నాడు టీ పక్కన పెట్టి. "సత్వరం అంటే తొందర కాదు. తొందరపడేవాడు మెట్లు వదిలేసి దూకుతాడు. సత్వరంలో ఏ మెట్టూ వదలం. మెట్లన్నీ ఒకేసారి ఎక్కుతాం."

కూతురు రొట్టె నములుతూ తలెత్తింది. ఆ పిల్ల కాలేజీలో గణితం చదువుతోంది.

"అన్ని కాళ్లు ఎక్కడివి నాన్నా?"

"అది ఉపమానం," అన్నాడు ఆయన చిన్నబుచ్చుకుని. "అన్నీ బానే ఉన్నాయి కానీ ఒక ఉదాహరణ కావాలి. వీధిలైటు బల్బు, కిటికీ అద్దం, ఇవే ఉన్నాయి. కాస్త బరువైనది దొరకడం లేదు."

ఇల్లాలు కొత్త గుడ్డను మడతపెడుతూ ఆ మాట విన్నది.

ఆమెకు కుళాయి కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. చలికాలం మొదట్లో ఆ కుళాయి నీళ్ల మీదే అత్తగారు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆడపడుచు వచ్చి, తల్లిని చూసి, నేల చూసి, "వదినా, ఇది ఇల్లా, చెరువా?" అని అడిగి, ఆవిడను తన ఇంటికి తీసుకుపోయింది. అక్కడ లిఫ్టుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. చెయ్యి అతుక్కుంది. శుక్రవారం తీసుకొస్తానని ఆడపడుచు ఫోనులో చెప్పింది. చెప్పి, ఇంకో మాట కూడా అంది: "వచ్చి చూస్తాం. ఆ నేల ఇంకా తడిగానే ఉంటే అమ్మ ఇక నా దగ్గరే. తర్వాత నన్ననుకోవద్దు."

అనుకోవడానికేమీ లేదు, న్యాయమైన మాటే. కానీ అత్తగారు వెళ్లినప్పటి నుంచి మధ్యాహ్నాలు ఇల్లాలికి గడవడం లేదు. పనులన్నీ అయ్యాక ఇద్దరూ పెరటి గుమ్మంలో టీ పెట్టుకుని కూర్చునేవారు. అత్తగారు వీధిలో ఒక్కొక్కరి సంగతీ జడ్జిగారిలా మొదటి నుంచి విచారించి, ఇరుపక్షాలూ విని, తీర్పు చెప్పేవారు. ఆఖరి కేసు ఎప్పుడూ కొడుకుదే. అక్కడ మాత్రం విచారణ ఉండదు, నేరుగా శిక్షే. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకునేవారు. ఇప్పుడు ఆ గుమ్మంలో ఒక్కతే కూర్చుంటే టీ కూడా ఆసుపత్రి టీలా ఉంటోంది.

"ఏమండీ," అంది. "నివాసి ఎవరైనా సత్వరం కింద మరమ్మతు అడగవచ్చు కదా?"

"ఎవరైనా అడగవచ్చు."

"నేను నివాసినే కదా?"

ఆయన మళ్లీ అందుకోబోయిన టీ కప్పు వదిలేశాడు. మొహంలో మెల్లగా వెలుగు పరుచుకుంది. "ఆ! నువ్వు అడిగితే అది వేరు. అప్పుడు నేను వేసుకున్నట్టు కాదు. కుళాయి, గోడ, గొట్టం... ఏమోయ్, ఇదే నా ఉదాహరణ! బుధవారం పొద్దున పని మొదలు, మధ్యాహ్నం నా ఉపన్యాసంలో పూర్తి!"

"శుక్రవారం లోపు నేల ఆరితే చాలండీ," అంది ఇల్లాలు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఆఫీసుకు వెళ్లింది. కౌంటరులో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"సమస్య ఏంటండీ?"

"బాత్రూములో కుళాయి కారుతోంది."

"ఇంకేమైనా ఉందాండీ?"

ఇంకొకరైతే లేదని చెప్పి వచ్చేసేవారు. ఇల్లాలికి ఏ విషయమైనా సగం చెప్పడం చేతకాదు. "దాని వెనక గోడకు చెమ్మ పట్టి రంగు పొక్కిందమ్మా. తలుపు అడుగున ఉబ్బిపోయి సరిగ్గా పడటం లేదు. నేల మీద పలకలు కదులుతున్నాయి," అంది. ఆమె చెప్పిన ఒక్కొక్క నిజానికీ కౌంటరమ్మాయి ఒక్కొక్క మీట నొక్కింది. నొక్కిన ప్రతిసారీ ఎక్కడో ఒక మనిషి బయలుదేరడానికి సిద్ధమవుతున్నాడని ఇల్లాలికి తెలియదు.

"సాధారణమా, సత్వరమా?"

"తేడా ఏంటమ్మా?"

"సాధారణమైతే ఒకరి పని అయ్యాక ఇంకొకరికి ఆర్డరు వెళ్తుంది. సత్వరమైతే అందరికీ ఒకేసారి వెళ్లిపోతుంది."

కూతురు అడిగిన కాళ్ల సంగతి ఇల్లాలికి ఆ క్షణంలో గుర్తు రావలసింది. కానీ ఆమె మనసు శుక్రవారం మీద ఉంది. "సత్వరమే," అంది.

బుధవారం పొద్దున ఆమె పథకం చాలా చిన్నది. ప్లంబరుకు దారి చూపించడం, అతను వెళ్లాక నేల తుడిచి కిటికీ తెరిచి ఆరబెట్టడం, అంతే. కూతురు కాలేజీకి సెలవుపెట్టి సాయానికి ఉండిపోయింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉపన్యాసం జేబులో పెట్టుకుని, "అంతా చక్కగా జరుగుతుంది చూడు," అని చెప్పి వెళ్లాడు. అటు ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో ఇటు తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు ప్లంబరు కాదు. చేతిలో బ్రష్షు, నీలం రంగు డబ్బా ఉన్నాయి.

"గోడకు రంగమ్మా."

"రంగు ఆఖర్న కదా బాబూ? ముందు గోడ పగలగొట్టి గొట్టం మార్చాలి."

"గోడ సంగతి మాకు తెలీదమ్మా. మాకు రంగు అని వచ్చింది. సత్వరం అని కూడా వచ్చింది." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కొంచెం భయం కూడా ఉంది. ఆమె ఇంకా ఏదో అనేలోపే లోపలికి నడిచాడు. పనిమంతుడు. చెమ్మ మీదే, పొక్కుల మీదే, తలుపు చట్రం మీదే లేత నీలం రంగు నున్నగా పూసి, తాకొద్దని చెప్పి వెళ్లిపోయాడు. గది ఎన్నడూ లేనంత అందంగా ఉంది. కుళాయి మాత్రం కొత్త గుడ్డ మీద నిశ్శబ్దంగా కారుతూనే ఉంది.

అతను గడప దాటుతుండగానే వడ్రంగి వచ్చాడు. ఉబ్బిన తలుపు చూశాడు, బందులు విప్పాడు, తలుపును వీపు మీద వేసుకుని పెరటి దారిన నడిచాడు. ఇల్లాలు వెనకే పరుగెత్తింది.

"ఇదిగో, తలుపు ఎక్కడికి?"

"వర్క్‌షాపుకమ్మా. అడుగు చెక్కాలి."

"మళ్లీ ఎప్పుడు తెస్తావు?"

వడ్రంగి పెరటి గేటు దగ్గర ఆగి నిజాయితీగా ఆలోచించాడు. "తీసుకెళ్లడం సత్వరమమ్మా. తేవడం వేరే ఆర్డరు. అది రావాలి."

ఆ మాట అర్థం చేసుకునే ప్రయత్నంలో ఆమె పెరట్లో నిలబడి ఉండగా వీధివైపు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. పని పూర్తయిందో లేదో చూసి ధ్రువీకరించడం ఆయన ఉద్యోగం. కూతురు ఆయనను లోపలికి తీసుకుపోయింది. చట్రం మీద పచ్చి రంగు ఉంది కనుక ఆయన లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మంలోనే నిలబడి గోడ చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవంలో ఆయన ఎప్పుడూ రంగు పడ్డాక మిగిలిన పని చూడలేదు. అయినా బాధ్యత కలవాడు కాబట్టి కళ్లు మూసుకుని, చెవి ఒగ్గి, కాసేపు శ్రద్ధగా విన్నాడు. గుడ్డ తన పని తాను చేసింది. ఒక్క చుక్క కూడా వినపడలేదు.

"అంకుల్, కుళాయి..." అంది కూతురు.

"విన్నానమ్మా. చాలా బాగా చేశారు," అని ఆయన చట్రం పక్కన "పని పూర్తి" అనే పచ్చ స్టిక్కరు అంటించాడు.

ఇల్లాలు పెరట్లో నుంచి వచ్చేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు.

"అయ్యో, అసలు పని మొదలవలేదండీ! ప్లంబరే రాలేదు!"

ఆయన ఆమెను జాలిగా చూశాడు. "ఫోనులోంచి ఇప్పుడే ఆఫీసుకు పంపేశానమ్మా. సత్వరం కదా," అన్నాడు. "వెళ్లిందాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు."

ఇల్లాలు భర్తకు ఫోను చేసింది. ఉపన్యాసం ముందు ఆయన ఫోను నోరు నొక్కి జేబులో పెట్టుకుని ఉంటాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇంతలో స్నానాలగదిలో సుత్తి దెబ్బ వినపడింది.

మేస్త్రీ ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. వీధి తలుపు తెరిచే ఉంది, స్నానాలగదికి తలుపే లేదు, నేరుగా వచ్చేశాడు. అప్పుడే పూసిన నీలం గోడ మధ్యలో సుత్తి దిగింది.

"ఆగు బాబూ! పచ్చి రంగది!"

"పచ్చిదో ఎండిందో సుత్తికేం తెలుస్తుందమ్మా?" అన్నాడతను గౌరవంగానే.

"గొట్టం ఎక్కడుందో తెలుసా నీకు?"

"అది ప్లంబరు చెప్పాలి. వచ్చాడా?"

"రాలేదు."

"అయితే దొరికేదాకా కొట్టడమే."

గొట్టం దొరకలేదు. కానీ గోడ అయిపోయింది. కాసేపటికి ఆ కంతలోంచి భోజనాల గది, బల్ల, బల్ల మీద పండ్లబుట్ట కనిపించాయి. అటువైపు నుంచి కూతురు చెయ్యి ఊపింది. మేస్త్రీ మర్యాదస్తుడు, తానూ చెయ్యి ఊపాడు. తర్వాత నేల మీద కదులుతున్న పలకలు గుర్తొచ్చి అవి ఊడదీశాడు. కదలని వాటిని వదిలేస్తే ఎత్తుపల్లాలు వస్తాయని అవీ ఊడదీశాడు. అన్నీ ఒక మూలకు పేర్చి, "మూసే ఆర్డరు వచ్చినప్పుడు వస్తానమ్మా," అని చేతులు దులుపుకున్నాడు.

చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు.

దాని కారణం వీధి చివర ఉంది. నీళ్లు కట్టేసే మనిషికి కూడా ఆ పొద్దునే ఆర్డరు అందింది. అతను వీధి మొత్తానికీ ఉన్న ఒక్క వాల్వునూ మూసి, దాని మూత మీదే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఈ కబురు ఇల్లాలికి తెచ్చినవాడు ఎదురింటి లెక్చరరు. ఆయన చరిత్ర పాఠాలు చెబుతాడు. తువ్వాలు చుట్టుకుని, తల నిండా సబ్బు నురగతో, ఒక కన్ను మూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మీ ఇంటి పని వల్ల నీళ్లు ఆగాయని విన్నాను. ఎంతసేపు పడుతుంది?"

"క్షమించండి అన్నయ్యగారూ. ప్లంబరు రాగానే..."

"రాగానే అంటే?"

ఇల్లాలు ఆలోచించింది. ఆయనకు అబద్ధం చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. "మా ఇంటి లెక్కలోనా, మామూలు లెక్కలోనా అండీ?" అని అడిగింది. లెక్చరరు తెరిచి ఉన్న కన్ను కూడా మూసుకున్నాడు.

ప్లంబరు రానే వచ్చాడు. భుజాన సంచి, చేతిలో కొత్త కుళాయి. అతన్ని చూడగానే ఇల్లాలికి ప్రాణం లేచొచ్చింది. అతను మాత్రం చట్రం పక్కనున్న స్టిక్కరు చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

"పని పూర్తయిందిగా అమ్మా."

"కాలేదయ్యా! చూడు, గోడే లేదు!"

"గోడ లేదనుకోండి. స్టిక్కరుంది." అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "పూర్తయిన పనిలో చెయ్యి పెడితే మా ఉద్యోగాలు పోతాయి. ఆ రూలు పెట్టింది మీ సారే కదమ్మా."

"అలాగైతే నీళ్లయినా వదలమని చెప్పు."

"పని చేసినవాడు చెప్పాలి. నేను చెయ్యలేదు కదా." కొత్త కుళాయిని సంచిలో పెట్టుకుని అతను వెళ్లిపోయాడు. కూతురు వీధి చివరకు పరుగెత్తి వాల్వు మనిషిని బతిమాలింది. "ప్లంబరు చెబితేనే వదలాలి పాపా," అన్నాడతను పేపరు తిప్పుతూ. ప్లంబరు చెప్పడు, అతను వదలడు. ఈ ముడి ఎక్కడ పడిందో ఇల్లాలికి ఇప్పుడు అర్థమైంది. అది ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా జేబులో ఉంది.

అప్పుడు ఫోను మోగింది. భర్త అనుకుని ఆత్రంగా ఎత్తింది.

"మరమ్మతుల శాఖ నుంచండీ. మీ పని పూర్తయింది. మా సేవ మీకు తృప్తిగా ఉందా?"

"బాత్రూముకు గోడ లేదండీ."

"గోడ గురించి కాదండీ. సత్వరంలో వేగం గురించే అడుగుతాం."

ఇల్లాలు కంతలోంచి అటువైపు చూసింది. పండ్లబుట్ట మీద సున్నం మెల్లగా రాలుతోంది. "వేగానికేం లోటు లేదు," అంది.

"వేగానికి లోటు లేదు. థాంక్సండీ," అని అవతలి గొంతు సంతోషంగా పెట్టేసింది.

తర్వాత ఆమె నడుం బిగించి పలకల ముక్కలు ఎత్తిపోసింది. కూతురు ఊడ్చింది. ఎంత ఊడ్చినా నేల కనిపించలేదు, మట్టే కనిపించింది. ఇల్లాలు గోడ మిగిలిన భాగానికి ఆనుకుని కూర్చుంది.

"నానమ్మ శుక్రవారం కదా అమ్మా. ఇంకా రెండు రోజులుంది," అంది కూతురు.

"రెండు రోజుల్లో ఏమవుతుందే?"

"అందరినీ మళ్లీ పిలుద్దాం. వరసగా."

"వరసగా పిలవడానికి వాళ్లకు కంప్లయింటు ఉండాలి. మన కంప్లయింటు పూర్తయింది." ఆమె చెంగుతో చేతుల సున్నం తుడుచుకుంది. "మీ అత్త మాట న్యాయమైందే. నేనే తెలివితక్కువగా..."

మిగిలింది చెప్పకముందే వీధిలో కారు ఆగింది.

ముందు దిగినవాడు భర్త. ఆయన మొహం కొత్తపెళ్లికొడుకు మొహంలా ఉంది. ఉపన్యాసం మధ్యలో ఎవరో చీటీ అందించారట. ఆఫీసరుగారి సొంత ఇంట్లో కుళాయి, గొట్టం, గోడ, తలుపు, నేల, అన్నీ కలిపి పొద్దున మొదలై మధ్యాహ్నానికే పూర్తయ్యాయని, నివాసి వేగానికి లోటు లేదన్నారని ఆయనే చదివి వినిపించాడట. హాలంతా చప్పట్లట. డైరెక్టరుగారు లేచి భుజం తట్టారట. ఆ ఊపులో ఆయన నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్లి, శుక్రవారం దాకా ఎందుకని తల్లినీ చెల్లెలినీ కారెక్కించుకుని వచ్చేశాడు. సత్వరం ఆయనకు బాగా వంటబట్టింది.

"ఏమోయ్, అమ్మ వచ్చింది! చూపించు, చూపించు!" అంటూ లోపలికి వచ్చి, భోజనాల గదిలో ఆగాడు. అక్కడి నుంచే స్నానాలగది అంతా కనిపిస్తోంది. ఎవరూ చూపించవలసిన అవసరం రాలేదు.

ఆయన చెయ్యి తనంతట తానే జేబులోని ఉపన్యాసం మీదికి వెళ్లింది.

"నాన్నా," అంది కూతురు మెల్లగా. "కాళ్లన్నీ వచ్చాయి."

ఆడపడుచు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ముందు దుమ్ముకు, తర్వాత ఆశ్చర్యానికి. "అన్నయ్యా! చప్పట్లు దీనికేనా? వదినా, అప్పుడు చెరువన్నాను, నాదే తప్పు. ఇది గని. అమ్మా, చెప్పులు విప్పకు. ఇలాగే వెనక్కి పోదాం."

అత్తగారు చెప్పులు విప్పారు. అతుక్కున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడిచి, స్టిక్కరు చదివారు. లోపలికి తొంగిచూశారు. గిన్నె ఇంకా కుళాయి కిందే ఉంది. గిన్నెలో గుడ్డ నాలుగు అంచులూ కలిసేలా మడిచి ఉంది. ఆ చుట్టుపక్కల సరిగ్గా ఉన్నది అదొక్కటే.

"ముందు భోజనం," అన్నారు వెనక్కి తిరిగి. "ఆకలితో ఉన్నప్పుడు ఏదీ తేల్చకూడదు."

వంటకు నీళ్లు లేవు. బల్ల తుడిచి రొట్టె, వెన్న, కడగనక్కర్లేకుండా తొక్క తీసుకుని తినే పండ్లు పెట్టింది ఇల్లాలు. ఐదుగురూ కంతకు ఎదురుగా కూర్చున్నారు. లోపల నీలం గోడ ముక్క ఒకటి సాయంత్రపు వెలుగులో అందంగా మెరుస్తోంది. భర్త తల వంచుకుని రొట్టెకు వెన్న రాస్తున్నాడు. రాసిందాని మీదే మళ్లీ రాస్తున్నాడు.

"మళ్లీ సత్వరం వెయ్యరా అన్నయ్యా," అంది ఆడపడుచు. "ఎలాగూ నీ చేతిలో పనే."

"వీల్లేదు," అన్నాడాయన సన్నగా. "ఒకసారి పూర్తయిన పనికి రెండోసారి సత్వరం వేయకూడదు. రూలు. ఇక సాధారణమే."

"అంటే?"

"ఒకరి పని పూర్తయ్యాకే ఇంకొకరు వస్తారు. ముందు చూసేవాడు, తర్వాత ప్లంబరు, తర్వాత మేస్త్రీ... ఏడాది పట్టొచ్చు."

"ఏడాదా! విన్నావా అమ్మా? ఇంకేముంది తేలడానికి? పద."

ఇల్లాలు పండు తొక్క తీస్తూ ఉండిపోయింది. తొక్క తెగకుండా పొడుగ్గా వస్తోంది, దానివైపే చూస్తోంది.

అత్తగారు రొట్టె ముక్క నమిలి మింగి, గొంతు సవరించుకున్నారు. ఇల్లాలు చటుక్కున తలెత్తింది. పెరటి గుమ్మంలో తీర్పు చెప్పేముందు ఆవిడ గొంతు అలాగే సవరించుకుంటారు.

"చూడవే," అన్నారు ఆడపడుచుతో. "నీ ఇల్లు బంగారంలాంటిది. నాకు టీ తాగాలనిపించేలోపే టీ వస్తుంది. కిటికీ వైపు చూస్తే పరదా తీస్తారు. లేవబోతే ఇద్దరు పట్టుకుంటారు. అక్కడ అన్నీ నేను అనుకునే లోపలే అయిపోతాయి. నా చెయ్యి అతుక్కున్న సంగతి నాకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. నీ తప్పు కాదే అది. నీ ప్రేమ అలాంటిది. కానీ నాకు అనుకోవడానికి కూడా ఏమీ మిగలడం లేదు."

"అమ్మా, ఇక్కడ జారిపడితే..."

"జారడానికి ఇక్కడ నేలేదీ? వెనక చిన్న బాత్రూముంది, నాకది చాలు." ఆవిడ ఆడపడుచు మీదే కళ్లు ఉంచి కోడలివైపు వేలు చూపారు. "నేను పడిన దగ్గర్నుంచి మీ అందరిదీ ఒకటే మాట. వీడు ఫోనులో త్వరగా వచ్చెయ్యమంటాడు. నువ్వు త్వరగా కోలుకోమంటావు. డాక్టరూ అదే మాట. ఈ అమ్మాయి ఒక్కతే ఒక్కనాడూ త్వరగా అనలేదు. 'మీకు వీలైనప్పుడు రండత్తయ్యా, టీ పెట్టుకుని కూర్చుందాం' అంది. నాకు వీలైంది. వచ్చాను."

పండు తొక్క తెగింది.

"ఇదీ నా నిర్ణయం," అన్నారు అత్తగారు బల్ల మీద వేలితో తడుతూ. "ఒరేయ్, రేపు పొద్దున వెళ్లి సాధారణం కింద కంప్లయింటు పెట్టు. గుమ్మంలో నాకో కుర్చీ వేయండి. ఎవడు వచ్చినా ముందు నాతో మాట్లాడాలి. ముందువాడి పని నేను చూశాకే తర్వాతివాడు లోపలికి. కుళాయి బాగయ్యేదాకా నేనిక్కడి నుంచి కదలను."

"ఏడాది పడుతుందమ్మా," అన్నాడు కొడుకు మళ్లీ, అర్థం కాలేదేమోనని.

"పట్టనీరా. నాకేం తొందర?"

ఆడపడుచు వదిన మొహం చూసి ఇంకో రొట్టె ముక్క అందుకుంది. ఇల్లాలు కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందని చెప్పింది. ఆ ఇంట్లో ఆ పూట దాన్ని నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు.

కుళాయి మాత్రం ఆ సాయంత్రం ఒక్క చుక్క కూడా కారలేదు. ఆ వీధిలో ఏ కుళాయీ కారలేదు.